ఎంఎంఏ జిమ్ ఎంచుకోవాలంటే కొత్తవాళ్లను ఎలా చూసుకుంటారో గమనించాలి

హైదరాబాద్‌లో మాదాపూర్ నుంచి కొండాపూర్ దాకా ఒక సాయంత్రం తిరిగితే 'ఎంఎంఏ' (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) అన్న పేరు చాలా బోర్డుల మీద కనిపిస్తుంది. లోపల జరిగేది మాత్రం ఒకటి కాదు. ఒకచోట పాటలు గట్టిగా పెట్టి ముప్పావుగంట పాటు బ్యాగును గుద్దించి, చెమట పట్టాక ఇంటికి పంపిస్తారు. ఇంకోచోట మూడు రోజులు కిక్‌బాక్సింగ్, రెండు రోజులు జియు-జిట్సు (నేల మీద పట్లతో లొంగదీసే విద్య), శనివారం రెండూ కలిపి నేర్పుతారు. మరోచోట పోటీలకు తయారవుతున్న నలుగురైదుగురు కుర్రాళ్లుంటారు. కొత్తగా చేరినవాళ్లు అక్కడ శిష్యులు కారు, ఆ కుర్రాళ్లు దెబ్బ సరిచూసుకోవడానికి దొరికిన మనుషులవుతారు. ఫీజులు చూసి ఈ మూడింటినీ విడదీయలేం. ఇన్‌స్టాగ్రామ్ రీళ్లు చూసి అసలే విడదీయలేం.

విడదీయడానికి రెండు ప్రశ్నలు చాలు. ఇక్కడ ఎదురు తిరిగే మనిషి మీద సాధన చేయిస్తారా? చేయిస్తే, ఆ సాధన హద్దు దాటకుండా చూసేది ఎవరు? మొదటిది లేనిచోట ఎన్నేళ్లు ఉన్నా పోరు రాదు. రెండోది లేనిచోట వచ్చిన కొద్దిపాటి విద్య కూడా మోకాలి గాయంతోనో, తల దెబ్బతోనో ఆగిపోతుంది. అద్దాలు, కేజ్ (పోరు జరిగే కంచె), గోడ మీద ఛాంపియన్ల ఫొటోలు, ప్రొటీన్ షేక్ కౌంటర్ అన్నీ ఆ తర్వాత చూసుకోవచ్చు.

మూడు విద్యలు ఒకే చోట ఎందుకు

1993 నవంబర్ 12న అమెరికాలోని డెన్వర్‌లో యూఎఫ్‌సీ అనే ఎంఎంఏ సంస్థ మొదటి పోటీ జరిగింది. బాక్సర్, కరాటే వీరుడు, సుమో మల్లుడు, కిక్‌బాక్సర్, ఇలా ఎనిమిది మందిని దింపి, ఏ విద్య గొప్పదో తేల్చాలన్నది ఆలోచన. ఆర్ట్ జిమర్సన్ అనే బాక్సర్ ఒక చేతికి మాత్రమే గ్లవ్ తొడుక్కుని దిగాడు. అవతలివాడు కింద పడేసి ఛాతీ మీద ఎక్కి కూర్చోగానే ఏం చేయాలో పాలుపోక ఓటమి ఒప్పుకున్నాడు. అతన్ని పడేసిన జియు-జిట్సు వీరుడు రాయిస్ గ్రేసీ ఆ రాత్రే మరో ఇద్దరిని లొంగదీసి టైటిల్ పట్టుకెళ్లాడు. మిగతావాళ్లలో చాలామంది కంటే అతను సన్నగానే ఉన్నాడు.

ఆ రాత్రి తేలింది జియు-జిట్సు గొప్పదని మాత్రమే కాదు. నిలబడి కొట్టుకోవడం, పట్టుకుని పడేయడం, నేల మీద పెనుగులాడడం మూడూ వేర్వేరు విద్యలనీ, ఒకటి రాకపోతే మిగతా రెండూ అక్కరకు రావనీ తేలింది. 2000లో న్యూజెర్సీ రాష్ట్ర అథ్లెటిక్ కంట్రోల్ బోర్డు చేతుల మీదుగా రూపు దిద్దుకున్న ఉమ్మడి నియమాలతో ఎంఎంఏ క్రీడగా స్థిరపడింది. ఐదు నిమిషాల రౌండ్లు, మామూలు పోరుకు మూడు, ఛాంపియన్‌షిప్‌కు ఐదు.

అందుకే ఎంఎంఏ జిమ్ అన్నాక టైంటేబుల్‌లో ఈ మూడూ కనిపించాలి. మొదటి ఆరు నెలల్లో మూడింటినీ కలిపి నేర్పాల్సిన అవసరం లేదు. వేర్వేరు క్లాసులుగా నేర్పడమే కొత్తవారికి మేలు. వారమంతా పంచ్‌లూ కిక్కులే తప్ప నేల మీద కూర్చునే క్లాసు ఒక్కటీ లేకపోతే అది కిక్‌బాక్సింగ్ జిమ్. ఒళ్లు తగ్గడానికే వెళ్లేవారికి అది చక్కగా సరిపోతుంది కూడా. బోర్డు మీద రాసింది, లోపల నేర్పేది ఒకటేనా అన్నది మాత్రం డబ్బు కట్టకముందే తేల్చుకోవాలి.

ఎదురు తిరిగే మనిషి

1882లో టోక్యోలో కొడోకాన్ అనే జూడో పాఠశాల స్థాపించిన జిగోరో కానో ఒక సాహసం చేశాడు. జపాన్ పాత యుద్ధవిద్య జుజుత్సులో ఉన్న ప్రమాదకరమైన దెబ్బలను స్వేచ్ఛా సాధనలోంచి తీసేశాడు. కన్ను పొడవడం, వేళ్లు విరవడం లాంటివి పోగా మిగిలిన పట్లను శిష్యుల చేత పూర్తి బలంతో, పూర్తిగా ఎదురు తిరిగే మనిషి మీద సాధన చేయించాడు. దాన్నే రాండోరి అంటారు. ప్రాణాంతకమైన నూరు పట్లు గాలిలో వల్లె వేసినవాడి కంటే, ప్రమాదం తక్కువైన పది పట్లను రోజూ నిజంగా ప్రయోగించి చూసినవాడే గెలుస్తాడన్నది అందులోని తర్కం. కానో శిష్యుల్లో ఒకరైన మిత్సుయో మాయెదా బ్రెజిల్ వెళ్లి స్థిరపడ్డాడు. ఆయన దగ్గర నేర్చుకున్న కార్లోస్ గ్రేసీ నుంచి ఆ విద్య కుటుంబంలోకి పాకి, బ్రెజిలియన్ జియు-జిట్సు అయింది. డెన్వర్‌లో గెలిచిన రాయిస్, కార్లోస్ తమ్ముడు హెలియో కొడుకు.

ఈ సంగతి మన దగ్గర కొత్తేమీ కాదు. హైదరాబాద్ పాతబస్తీ తాలింఖానాల్లో పహిల్వాన్లు పొద్దున్నే మట్టి తవ్వి, ఒకరితో ఒకరు జోర్ (సాధన కుస్తీ) చేసేది ఈ సూత్రం మీదే. అవతలివాడు నిజంగా అడ్డుకుంటున్నాడు కాబట్టే పట్టు పనిచేసిందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. దీనికి భిన్నంగా, మన ఊళ్లలో స్కూలు గ్రౌండ్లలో జరిగే చాలా కరాటే క్లాసుల్లో పిల్లలు వరసగా నిలబడి గాలిలో గుద్దుతారు, కొన్ని నెలలకోసారి పరీక్ష ఫీజు కట్టి బెల్టు రంగు మార్చుకుంటారు. క్రమశిక్షణ వస్తుంది, ఒళ్లు వంగుతుంది, అది తక్కువేమీ కాదు. ఎవరైనా నిజంగా మీదపడితే ఏం చేయాలో మాత్రం రాదు. ఆ పద్ధతికే ఎంఎంఏ పేరు తగిలించి నడిపేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు.

కాబట్టి ట్రయల్ క్లాసుకు వెళ్లినప్పుడు వార్మప్‌ను చూసి మురిసిపోకుండా చివరి అరగంట మీద కన్నేయాలి. మంచి జిమ్‌లో ఆ సమయంలో ఇలాంటిది కనిపిస్తుంది. ఒకరు వెల్లకిలా పడుకుంటారు, ఇంకొకరు ఛాతీ మీద మౌంట్ పొజిషన్‌లో కూర్చుంటారు. కిందివారి పని తప్పించుకోవడం, పైవారి పని వదలకపోవడం. టైమర్ రెండు నిమిషాలు. కొత్తగా చేరినామె అప్పుడే నేర్పినట్టు పైవారి చేయీ, అదే వైపు కాలూ బంధించి, నడుము ఎత్తి పక్కకు దొర్లించబోతుంది. మొదటిసారి కుదరదు. పైనున్న సీనియర్ బరువు కాస్త సడలించి, 'కాలు వదిలేశావ్, ముందు కాలు పట్టు' అంటాడు. రెండోసారి ఆమె అతన్ని దొర్లించేస్తుంది. మూడోసారి అతను ముందుకన్నా గట్టిగా అడ్డుకుంటాడు. నేర్పు ఉన్న జిమ్‌లో ప్రతిఘటన ఇలా మెట్టు మెట్టుగా పెరుగుతుంది. మొదట్లో అస్సలు లేకపోయినా తప్పే, మొదటి రోజే నూటికి నూరు పాళ్లు ఉన్నా తప్పే.

హద్దు ఎవరి చేతిలో ఉంది

జిమ్ గుణం బయటపడేది స్పారింగ్‌లో, అంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చేసే సాధన పోరులో. ఎనభై ఐదు కిలోల సీనియర్, అరవై కిలోల కొత్త కుర్రాడు ఎదురెదురుగా నిలబడ్డారనుకుందాం. ఒక జిమ్‌లో సీనియర్ తన వేగం సగానికి తగ్గించుకుంటాడు. కుర్రాడి పంచ్‌లు కొన్ని కావాలనే తగలనిస్తాడు. తిరిగి వేసే జాబ్ (ముందు చేతి సూటి పంచ్) నుదుటికి తాకి వెనక్కి పోతుంది. కుర్రాడు భయపడి కళ్లు మూసుకుని వీపు తిప్పేస్తే సీనియర్ రెండడుగులు వెనక్కి వేసి, 'చేతులు పైకి, నన్ను చూడు' అని మళ్లీ మొదలుపెడతాడు. కోచ్ జంటల మధ్య తిరుగుతూ, ఎవరి చప్పుడు పెరిగినా ఆపేస్తాడు. ఇంకో జిమ్‌లో ఇదే జంట చుట్టూ ఫోన్లు లేస్తాయి. గట్టి దెబ్బ తగిలితే కేరింతలు. కోచ్ మూల కూర్చుని ఫోన్ చూసుకుంటుంటాడు, లేదా నవ్వి 'అలవాటవుతుందిలే' అంటాడు. రెండో దృశ్యం ఒక్కసారి కంటబడినా ఆ జిమ్‌లో చేరకూడదు. దీనికి మినహాయింపు లేదు.

గట్టిగా తన్నులు తింటేనే రాటుదేలుతారన్న నమ్మకం ఈ క్రీడలో చాలాకాలం రాజ్యమేలింది. శాన్‌హోసేలోని అమెరికన్ కిక్‌బాక్సింగ్ అకాడమీ ప్రపంచ ఛాంపియన్లను తయారుచేసింది, కఠినమైన స్పారింగ్‌కూ, అక్కడివాళ్ల గాయాలకూ అంతే పేరుబడింది. ఇప్పుడు గాలి మారుతోంది. యూఎఫ్‌సీ ఫెదర్‌వెయిట్ మాజీ ఛాంపియన్ మ్యాక్స్ హాలోవే, పోరుకు ముందు తల మీద దెబ్బలు తినే స్పారింగ్ మానేశానని బాహాటంగానే చెప్పాడు. మాంట్రియల్ ట్రైస్టార్ జిమ్ కోచ్ ఫిరాస్ జహాబీ ఒంటిని చితక్కొట్టుకోకుండా తరచుగా, తేలికగా సాధన చేయాలని ఏళ్లుగా చెబుతున్నాడు. డబ్బు కోసం కొట్టుకునే వృత్తివీరులే తలను దాచుకుంటుంటే, సాయంత్రం ఆఫీసు అయ్యాక నేర్చుకోవడానికి వచ్చిన మనిషి మూడో వారంలోనే తల మీద గట్టి దెబ్బలు తినాల్సిన పనేముంది?

ఇక్కడ హెడ్‌గార్డ్ ఇచ్చే ధైర్యం పెద్ద భ్రమ. అది చర్మం చిట్లకుండా కాపాడుతుంది, పుర్రె లోపల మెదడు అదరడాన్ని ఆపలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో పురుషుల బాక్సింగ్ హెడ్‌గార్డ్ లేకుండానే జరిగింది. గ్లవ్స్ సంగతీ అంతే. స్పారింగ్‌కు 16 ఔన్సుల గ్లవ్స్ వాడాలి, ఎంఎంఏ పోరులో వాడే 4 ఔన్సులవి కాదు. పెద్ద గ్లవ్స్ ఉన్నాయి కదా అని బలంగా కొట్టే అలవాటున్నచోట ఆ మెత్తదనం వల్ల ఒరిగేదేమీ ఉండదు. తల దెబ్బ తర్వాత తలనొప్పి, వాంతి, మగత, వెలుతురు చూడలేకపోవడం ఉంటే అది కంకషన్ (మెదడు అదిరిన గాయం) కావచ్చు. డాక్టరుకు చూపించి, లక్షణాలు పూర్తిగా పోయి, మెట్లు మెట్లుగా సాధనకు తిరిగి వచ్చేదాకా స్పారింగ్ ముఖం చూడకూడదు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. 'ఎవరికైనా తల దెబ్బ తగిలితే మీరేం చేస్తారు?' అని కోచ్‌ను సూటిగా అడగాలి. తడబడకుండా జవాబు చెప్పగలిగినవాడు దాని గురించి ముందే ఆలోచించి ఉంటాడు.

గ్రాప్లింగ్‌లో, అంటే పట్టుకుని పెనుగులాడే సాధనలో, హద్దు పేరు ట్యాప్. అవతలివారి ఒంటి మీద అరచేత్తో తడితే ఆ క్షణమే వదిలేయాలి. మంచి జిమ్‌లో మొదటి రోజు నేర్పేవి ఇదీ, కింద పడేటప్పుడు తలా నడుమూ కాపాడుకునే బ్రేక్‌ఫాలూ. మొదటి క్లాసులోనే హీల్ హుక్ (మడమ మెలిపెట్టి మోకాలిని తిప్పే పట్టు) లాంటి మోకాలి పట్లు నేర్పేవారి దగ్గర జాగ్రత్త అవసరం. ఆ పట్టులో నొప్పి తెలిసేలోపే లిగమెంట్ తెగిపోతుంది. ట్యాప్ చేసినవారిని వెక్కిరించే చోట ఎవరూ సమయానికి ట్యాప్ చేయరు, అందుకే అక్కడ మోచేతులూ మోకాళ్లూ పోతాయి.

పోటీ బరువు విభాగంలో ఇమడడానికి బరువు తగ్గించే విషయమూ ఇందులోదే. 2015 డిసెంబరులో మనీలాలో జరగాల్సిన, వన్ ఛాంపియన్‌షిప్ అనే ఎంఎంఏ సంస్థ పోటీకి ముందు, బరువు కోసం ఒంట్లో నీరు తగ్గించుకున్న చైనా కుర్రాడు యాంగ్ జియాన్ బింగ్ చనిపోయాడు. ఆ తర్వాతే ఆ సంస్థ ఒంట్లో నీటి శాతం పరీక్షించే పద్ధతి తెచ్చింది. చేరి కొన్ని నెలలైనా కాని మనిషిని 'నాలుగు కిలోలు దించు, వచ్చే నెల పోటీ ఉంది' అనే జిమ్ తన పేరు కోసం పనిచేస్తోంది.

కోచ్ గురించి

కోచ్ ఎన్ని పోటీలు గెలిచాడన్నది అందరూ మొదట అడిగే ప్రశ్న. దానికున్నంత విలువ దానికుంది, అంతకుమించి లేదు. యూఎఫ్‌సీ మాజీ ఛాంపియన్ జార్జ్ సెయింట్ పియెర్‌కు నేల మీద పోరు నేర్పిన జాన్ డానహర్ ఒక్క ఎంఎంఏ పోటీ కూడా ఆడలేదు. అతని కాలు చిన్న వయసులోనే దెబ్బతింది. ఆల్బుకెర్కీలో జాన్ జోన్స్ లాంటి యూఎఫ్‌సీ ఛాంపియన్లకు శిక్షణ ఇచ్చిన గ్రెగ్ జాక్సన్ పేరు మోగింది కోచ్‌గానే. గొప్పగా ఆడినవాళ్లు తమకు చేతనైనదాన్ని మాటల్లో విప్పి చెప్పలేకపోవడం ఏ ఆటలోనైనా చూస్తాం. అడగాల్సింది వేరే: మీ దగ్గర చేరినవాళ్లలో ఏడాది తర్వాత కూడా కొనసాగుతున్నవాళ్లు ఎవరు? వాళ్లతో ఒకసారి మాట్లాడొచ్చా?

బ్రెజిలియన్ జియు-జిట్సు బెల్టును మాత్రం పరీక్షించి చూడొచ్చు. 'మీకు బెల్టు ఎవరిచ్చారు?' అన్న ప్రశ్న ఈ విద్యలో అమర్యాద కాదు. నిజంగా సంపాదించినవారు గురువు పేరు సంతోషంగా చెబుతారు. అంతర్జాతీయ సమాఖ్య ఐబీజేజేఎఫ్ నియమాల ప్రకారం పెద్దలు బ్లూ బెల్టులో కనీసం రెండేళ్లు, పర్పుల్‌లో ఏడాదిన్నర, బ్రౌన్‌లో ఏడాది ఉండాలి. వైట్ బెల్టు కాలం దీనికి అదనం. మామూలుగా బ్లాక్ బెల్టుకు దాదాపు పదేళ్లు పడుతుంది. బీజే పెన్ లాంటి అరుదైన మనిషి మూడేళ్ల పైచిలుకులో తెచ్చుకున్నాడు, అదే ఏడాది ప్రపంచ టోర్నీ కూడా గెలిచి చూపించాడు. ఆన్‌లైన్ కోర్సు చేసి రెండేళ్లలో బ్లాక్ బెల్టు అయ్యానంటే నమ్మనక్కర్లేదు. బ్లూ బెల్టు ఉన్నవారు నేర్పడంలో మాత్రం తప్పేమీ లేదు. ఈ విద్య మన దేశానికి ఆలస్యంగా వచ్చింది, పై బెల్టులవారు తక్కువ. తనకు తెలిసినంతవరకే నేర్పి, తెలియనిది తెలియదని చెప్పే బ్లూ బెల్టు, అన్నీ తెలుసనే స్వయంప్రకటిత గ్రాండ్‌మాస్టర్ కంటే ఎంతో మేలు.

మ్యాట్ వాసన

చాలామంది పట్టించుకోని సంగతి చర్మం. గ్రాప్లింగ్‌లో ముఖం, మెడ, మోచేతులు గంటసేపు మ్యాట్‌కూ, పక్కవారి ఒంటికీ రాసుకుంటాయి. తామర, స్టాఫ్ బ్యాక్టీరియా పుండ్లు పాకడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. మన దేశంలో గత కొన్నేళ్లుగా తామర మొండికేసింది. ఇదివరకు లొంగిన టెర్బినఫిన్ లాంటి మందులకు చాలాచోట్ల లొంగడం లేదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీములు దాన్ని ఇంకా ముదరబెడతాయి. దురద రెండు రోజులు తగ్గినట్టే ఉంటుంది, మచ్చ మాత్రం పెరుగుతూ పోతుంది. వానాకాలంలో, గాలి ఆడని సెల్లార్ జిమ్‌లో ఇది ఒకరి నుంచి బ్యాచ్ మొత్తానికి అంటుకోవడానికి ఎంతో కాలం పట్టదు.

మ్యాట్ రోజూ క్రిమిసంహారకంతో తుడుస్తారా, బాత్రూమ్‌కు వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుని, మ్యాట్ మీదికి వట్టికాళ్లతో వస్తారా, మచ్చ కనిపించినవారిని మానేదాకా రావద్దని చెప్పే ధైర్యం కోచ్‌కు ఉందా అన్నవి చూడాలి. క్లాసు అయ్యాక పది నిమిషాలు అక్కడే ఉంటే మాప్ బయటికి వస్తుందో లేదో తెలుస్తుంది. మూలన పడి ఉన్న, అందరూ వాడే తడి గ్లవ్స్ ముక్కు దగ్గర పెట్టుకుంటే మిగతాది తెలుస్తుంది. హ్యాండ్ వ్రాప్స్, మౌత్‌గార్డ్, గ్రోయిన్ గార్డ్ సొంతవే కొనుక్కోవాలి. గ్లవ్స్ కూడా త్వరలోనే కొనుక్కోవడం మంచిది. దెబ్బ తగిలి రక్తం కారితే ఆట ఆపి, తుడిచి, గాయానికి కట్టు కట్టాకే మళ్లీ మొదలుపెట్టాలి. హెపటైటిస్ బి టీకా వేయించుకోనివారు చేరకముందే వేయించుకోవాలి.

డబ్బు, దూరం

నెల ఫీజును కాకుండా, నిజంగా వెళ్లగలిగే క్లాసు ఒక్కోటి ఎంత పడుతుందో లెక్కేసుకోవాలి. నెలకు 5,000 రూపాయల ఫీజుతో పన్నెండు క్లాసులకు వెళ్తే క్లాసుకు 420 లోపే. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం, ఎల్బీ నగర్‌లో ఇల్లు, జూబ్లీహిల్స్‌లో జిమ్ అయితే సాయంత్రం ట్రాఫిక్ దాటి నెలకు ఐదు క్లాసులు కుదిరితే గొప్ప, అప్పుడు క్లాసు వెయ్యి పడుతుంది. పేరున్న దూరపు జిమ్ కంటే ఇంటికో, ఆఫీసుకో, మెట్రో స్టేషన్‌కో దగ్గరగా ఉన్న మామూలు మంచి జిమ్ ఎక్కువ నేర్పుతుంది. మొదటే ఏడాది ప్యాకేజీ కట్టకూడదు. 'ఈ రోజే కడితే సగం ధర' అన్న మాట వినిపిస్తే ఆ రోజు కట్టకుండా రావడమే మంచిది. మొదట నెల, కుదిరితే మూడు నెలలు. గాయమైతే ఆ నెలలు వెనక్కి జమ చేస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి.

ఆరోగ్య బీమా పత్రం కూడా ఒకసారి చదవాలి. మన దేశంలోని ప్రామాణిక మినహాయింపు నిబంధన ప్రమాదకర క్రీడల్లో ప్రొఫెషనల్‌గా పాల్గొన్నప్పుడు అయ్యే చికిత్స ఖర్చుకు వర్తిస్తుంది. సరదాగా నేర్చుకోవడం వేరు, డబ్బు తీసుకుని పోరులో దిగడం వేరు.

మహిళలు చేరేటప్పుడు

2024 జూన్‌లో లూయివిల్‌లో రయానీ డోస్ శాంటోస్‌ను ఓడించి, యూఎఫ్‌సీలో గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది ఉత్తరప్రదేశ్‌కు చెందిన పూజా తోమర్. ఆమె ఈ దారిలోకి వచ్చింది వుషూ అనే చైనా యుద్ధవిద్య నుంచి. ఇలాంటి గెలుపుల తర్వాత జిమ్‌లు 'మహిళలకు ప్రత్యేకం' అని ప్రకటనలు ఇవ్వడం సహజం. ప్రకటన కంటే నమ్మదగిన ఆధారం, అప్పటికే అక్కడ నెలల తరబడి సాధన చేస్తున్న మహిళలు. ఒక్కరు కూడా లేకపోతే ఎందుకు లేరో ఆలోచించాలి. ఒకరిద్దరున్నా వాళ్లతో కోచ్ లేనప్పుడు మాట్లాడాలి.

గ్రాప్లింగ్‌లో ఒళ్లు తగలక తప్పదు. కాబట్టే నేర్పేవాడి తీరు ముఖ్యం. ఏ పట్టు చూపించబోతున్నాడో, చెయ్యి ఎక్కడ పడుతుందో ముందే చెప్పి, అవసరమైనంతసేపే పట్టుకుని వదిలేసేవాడు మర్యాద తెలిసిన కోచ్. జంటగా ఎవరితో చేయాలో ఎంచుకునే హక్కు, 'ఇవాళ ఇతనితో చేయను' అని కారణం చెప్పకుండా అనగలిగే హక్కు ప్రతి మహిళకూ ఉండాలి. ఆ మాట అన్నందుకు ముఖం మాడ్చుకునే జిమ్ వదిలేయదగ్గది. తలుపు గడియ సరిగా పడే దుస్తులు మార్చుకునే గది లేనిచోట ఈ మాటలన్నీ ఉత్తవే. సాయంత్రం ఎనిమిదిన్నర బ్యాచ్ అయితే ఇంటికి చేరే దారి గురించి కూడా అడగాలి. ఇది భయపెట్టడానికి చెప్పేది కాదు, చాలామంది అమ్మాయిలు మధ్యలో మానేసేది ఆటలో దెబ్బల వల్ల కాదు, ఇలాంటి వాటి వల్ల.

ఎంఎంఏ జిమ్ లేని ఊళ్లో

కరీంనగర్‌లోనో, ఒంగోలులోనో ఉన్నవారికి పైన చెప్పినవన్నీ ఉన్న ఎంఎంఏ జిమ్ దొరక్కపోవచ్చు. అంతమాత్రాన చేతులు ముడుచుకోనక్కర్లేదు. ఈ క్రీడలో పైకొచ్చినవాళ్లలో చాలామంది ముందు ఒక విద్యలో పాతుకుపోయినవారే. రీతూ ఫోగట్ హర్యానా కుస్తీ నుంచి వచ్చి, సింగపూర్‌లో మిగతావి నేర్చుకుంది. బాక్సింగ్‌లో 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్ మొదలుపెట్టింది నిజామాబాద్‌లో, మహమ్మద్ షంసుద్దీన్ కోచింగ్‌లో. 2009లో విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు పొందిన కోచ్ ఐ.వి.రావు దగ్గరికి వెళ్లింది. షంసుద్దీన్ కొడుకు హుసాముద్దీన్ కూడా అదే ఊరి నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పతకం దాకా వెళ్లాడు. ఒక జిల్లా కేంద్రంలో ఒక మంచి కోచ్ ఉంటే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కాబట్టి జిల్లా స్టేడియంలో బాక్సింగో, జూడోనో, కుస్తీయో నేర్పే అనుభవజ్ఞుడైన కోచ్ ఉంటే, అదే ఊళ్లో నిన్న మొన్న వెలిసిన ఎంఎంఏ బోర్డు కంటే ఆయన దగ్గరికి వెళ్లడమే తెలివైన పని. ఫీజు తక్కువ, ఎదురు తిరిగే మనిషి మీద సాధన తప్పనిసరి. రెండేళ్లు జూడో చేసినవారికి పడేయడమూ, పడడమూ, నేల మీద పట్టూ వస్తాయి. ఆ తర్వాత ఉద్యోగానికో, చదువుకో నగరానికి వచ్చినప్పుడు మిగతాది కలుపుకోవచ్చు. పిల్లల విషయంలోనైతే నగరంలో ఉన్నా ఇదే సలహా. ఎదిగే వయసులో తల మీద దెబ్బలు పడే ఆట వద్దు. జూడో, కుస్తీ, జియు-జిట్సు చాలు.

అమెరికాలో చదువుకునే తెలుగు విద్యార్థులు బయటి జిమ్‌లకు వెళ్లేముందు తమ యూనివర్సిటీ రిక్రియేషన్ సెంటర్‌లో విచారించాలి. చాలా క్యాంపస్‌లలో జూడో, జియు-జిట్సు, బాక్సింగ్ విద్యార్థి క్లబ్బులు నామమాత్రపు రుసుముతో నడుస్తాయి. బయటి జిమ్‌లో చేరితే నెలనెలా కార్డు నుంచి డబ్బు లాగే ఒప్పందం ఎలా రద్దవుతుందో, తమ ఇన్సూరెన్స్‌లో డిడక్టిబుల్ (ముందుగా సొంతంగా భరించాల్సిన మొత్తం) ఎంతో చదివాకే సంతకం పెట్టాలి. మోకాలి సర్జరీ బిల్లు అక్కడ ఒక సెమిస్టర్ ఫీజును మించిపోవచ్చు.

చేరాక

కనీసం రెండు మూడు జిమ్‌లలో ట్రయల్ చేసి, ఒక్కోచోట కనీసం ఒక క్లాసును, తాము చేయకుండా పక్కన కూర్చుని చూడాలి. చేస్తున్నప్పుడు ఊపిరాడక ఏదీ గమనించలేరు. కూర్చుని చూడనివ్వం అనే జిమ్ ఎందుకు వద్దంటోందో అడగాలి. ముప్పై దాటినవారు, బీపీ, షుగర్, పాత నడుం నొప్పి ఉన్నవారు డాక్టరుకు చూపించుకుని, ఆ సంగతి కోచ్‌కు చెప్పాలి. విని, దానికి తగ్గట్టు వ్యాయామం మార్చిచ్చే కోచ్ దొరికితే వదులుకోకూడదు. వారానికి రెండు మూడు క్లాసులతో మొదలుపెట్టాలి. మొదటి నెల ఉత్సాహంలో ఆరు రోజులూ వెళ్లినవారిలో చాలామంది రెండో నెలకు పక్కటెముక నొప్పితో ఇంట్లో ఉంటారు. ముఖం మీద దెబ్బలుండే స్పారింగ్ ఎప్పుడన్నది కోచ్ ఒక్కడే తేల్చకూడదు, కొత్తగా చేరినవారు కూడా సిద్ధమన్నప్పుడే జరగాలి. 'నాకు స్పారింగ్ వద్దు, మిగతాది నేర్చుకుంటా' అన్నా గౌరవంగా చూసే చోటే దీర్ఘకాలం ఉండదగ్గ చోటు.

మూడు నెలల తర్వాత ఒకసారి లెక్క చూసుకోవాలి. మొదటి రోజు చేయలేనిది ఇప్పుడు ఏం చేయగలుగుతున్నారు, ఒంట్లో ఎక్కడైనా మానని నొప్పి మిగిలిందా, క్లాసుకు వెళ్లే రోజు మనసు ఉత్సాహపడుతోందా, బితుకుబితుకుమంటోందా. జవాబులు బాగా లేకపోతే జిమ్ మారడంలో ద్రోహమేమీ లేదు. బ్రెజిల్‌లో గురువును వదిలి ఇంకో జట్టులో చేరినవారిని 'క్రియోంటే' అని తిట్టే పాత అలవాటు ఒకటుంది. ఆ గాలి ఇక్కడి కొన్ని జిమ్‌లకూ సోకింది. వేరేచోట ఒక ఓపెన్ మ్యాట్‌కు (ఎవరైనా వచ్చి సాధన చేసుకునే సెషన్) వెళ్లొచ్చినా నిలదీసే కోచ్‌లు ఉన్నారు. ఫీజు కట్టి నేర్చుకునే మనిషి ఎక్కడ సాధన చేయాలన్నది ఆ మనిషి ఇష్టం. చేరే రోజే 'సెలవులకు ఊరెళ్లినప్పుడు అక్కడి జిమ్‌లో చేసుకోవచ్చా?' అని అడిగితే కోచ్ ముఖంలోనే జవాబు తెలిసిపోతుంది. 'తప్పకుండా వెళ్లు, అక్కడ కొత్తగా ఏమైనా నేర్చుకుంటే వచ్చి మాకూ చూపించు' అన్న కోచ్ దగ్గర చేరొచ్చు.